అమ్మ ఊడదీసిన ఫ్రిజ్ తలుపు

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ ఊడేది... దానంతటది కాదు లెండి. మా నాన్న తంతే ఊడేది.

మణుగూరులో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న బొగ్గుబాయిలో ఫిట్టరు. తాగి వచ్చిన రోజు కూరలో ఉప్పు తగ్గినా చాలు, అమ్మ జుట్టు పట్టుకునేవాడు. అమ్మ విడిపించుకుని వంటింట్లోకి పరిగెత్తేది, ఆయన వెనకే వచ్చేవాడు. అమ్మ తప్పుకుంటే ఆ తన్ను ఫ్రిజ్‌కి తగిలేది. తప్పుకోకపోతే అమ్మకి తగిలేది.

ఆ ఫ్రిజ్ సోకు కోసం కొన్నది కాదు. మా చెల్లి రాణికి ఆరేళ్ళకే షుగర్ వచ్చింది. రోజూ ఇన్సులిన్ సూదులు. మా వైపు ఎండలు తెలుసుగా... మే నెలలో గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఫ్రిజ్ చల్లగా లేకపోతే మందు పాడవుతుంది, మందు పాడైతే పిల్ల దక్కదు. దవాఖానాలో డాక్టరమ్మ ఆ మాట అమ్మ మొహం మీదే చెప్పింది. మా వంటింటి గుమ్మం ఇరుకు. ఫ్రిజ్ తెచ్చిన రోజు తలుపు ఊడదీస్తే గానీ లోపలికి పట్టలేదు.

ఇక తన్నిన మర్నాడు చూడాలి మా నాన్నని... మనిషే మారిపోయేవాడు. పానాలు తెచ్చుకుని ఫ్రిజ్ ముందు కూర్చునేవాడు. ప్లగ్ తీసి, పై కీలు బోల్టులు విప్పి, తలుపును పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి కింది పిన్ను మీంచి తీసేవాడు. వంగిన కీలును సుత్తితో మెల్లగా కొట్టి సరిచేసేవాడు. తలుపు కిందికి జారకుండా పిన్నుకి ఒక వాషరు వేసి మళ్ళీ నిలబెట్టేవాడు. సందులో క్యాలెండర్ కాగితం పెట్టి లాగి చూసేవాడు. కాగితం సులువుగా వచ్చిందంటే రబ్బరు సరిగ్గా కూర్చోలేదని మళ్ళీ విప్పేవాడు... ఎంత ఓపికో.

అమ్మ వాచిన మొహంతో పక్కన నిలబడి బోల్టులు అందించేది.

మా క్వార్టర్ల లైనులో అందరి లెక్కలో అదే రాజీ. పక్క క్వార్టర్ కమలమ్మ గోడ మీంచి తొంగి చూసి, "తలుపు పెడుతున్నడా... ఇంక కోపం దిగినట్టే తియ్యి" అనేది. అమ్మ కూడా ఏళ్ళ తరబడి అట్లాగే అనుకుంది. నోటితో తప్పైందని అనకపోయినా చేత్తో అంటున్నాడని సరిపెట్టుకుంది. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫ్రిజ్‌కి వాషరు వేశాడు సరే, అమ్మ విరిగిన పన్నుకి ఏం వేశాడు?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం చెల్లి ఫ్రిజ్ పక్కన కూర్చుని ఉండగా నాన్న తన్నాడు. తలుపు ఊడి చెల్లి మీద పడింది. నుదురు చిట్లి కళ్ళ మీదికి నెత్తురు కారింది. దవాఖానాలో కుట్లు వేశారు. మర్నాడు ఆయన మామూలుగానే తలుపు బిగించి, రెండుసార్లు తెరిచి మూసి, "కొత్తదాని లెక్క అయింది చూడు" అన్నాడు. చెల్లి కట్టు కట్టిన తలతో మంచం మీద ఉంది.

రెండు రోజుల తర్వాత నాన్న మొదటి షిఫ్టుకి వెళ్ళగానే అమ్మ ఆయన పానాలు తీసింది. ప్లగ్ పీకి బోల్టులు విప్పుతోంది.

"అమ్మా, తలుపు బాగానే ఉంది కదా" అన్నాను.

"అవ్, బాగనే ఉంది. తియ్యకుంటే గుమ్మంల పట్టది" అంది. ఇన్సులిన్ సీసాలు అప్పటికే తడిగుడ్డ చుట్టిన కుండలో ఉన్నాయి. బయట ట్రాలీ ఆటో ఆగి ఉంది.

ఆ రోజు ఆలస్యంగా వెళ్ళాడని నాన్నని వెనక్కి పంపారు. గుమ్మంలోకి వచ్చి చూశాడు. కీలు వంగలేదు, తలుపు మాత్రం గోడకి ఆనించి ఉంది. ఫిట్టరు కదా, ఒక్క చూపుకే అర్థమైపోయింది.

"ఏడికే?" అన్నాడు.

"దమ్మపేటకు. మా అమ్మోళ్ళింటికి."

పెద్ద పానా ఎత్తి అమ్మ తల మీదికి విసురుగా దించాడు. అమ్మ ఆ తలుపునే పైకెత్తి అడ్డం పెట్టింది. రేకు లోపలికి పోయింది. మళ్ళీ కొట్టాడు... మళ్ళీ కొట్టాడు. మూడో దెబ్బ అంచు పట్టుకున్న ఆమె వేళ్ళ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. అమ్మ తలుపు వదల్లేదు. నేను వెళ్ళి ఆయన మణికట్టు కొరికాను, నోట్లోకి నెత్తురు వచ్చేదాకా. నన్ను గోడకేసి కొట్టాడు. అప్పుడు కమలమ్మ లోపలికి వచ్చింది, వెనక లైనంతా వచ్చింది.

"ఇంక చాలు. ఆ పానా ఇటియ్యి" అంది కమలమ్మ.

దమ్మపేటలో అమ్మ రెండు వేళ్ళకి కట్టుతో, ఒంటిచేత్తో తలుపు బిగించుకుంది. సొట్టలు పడి, ఒక పక్కకి వాలిపోయి ఉండేది. తెరుచుకోకుండా దానికి ఒక తాడు కట్టేది.

నెల తర్వాత నాన్న వచ్చాడు. తాగలేదు. చేతిలో పనిముట్ల సంచి. "తలుపు జారింది. పది నిమిషాల్ల సరిచేసి పోత" అన్నాడు.

అమ్మ ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడింది. "వద్దు. జారినా సల్లగనే ఉంటది. పిల్ల బతికే ఉంది. ఇంక నువ్వు పో."

ఆయన సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆ మనిషికి తెలిసిన క్షమాపణ ఆ తలుపు బిగించడమొక్కటే. నాకు జాలేసింది, అబద్ధమెందుకు... అమ్మ మాత్రం తప్పుకోలేదు.

ఇప్పుడు చెల్లికి ఇద్దరు పిల్లలు. వాళ్ళింట్లో ఫ్రిజ్ తలుపు జారితే ఫోన్ చేస్తుంది, మెకానిక్ వచ్చి అరగంటలో సరిచేసి పోతాడు. రోజులు మారాయి... కానీ "కొడితే కొట్టిండు, మంచిగ చూసుకుంటడు కదా" అనే మాట మా వైపు ఇంకా వినపడుతూనే ఉంది.

మీ అమ్మ ఎన్నాళ్ళు ఊరుకుందో, ఏ రోజున ఊరుకోలేదో... చెప్పుకోవాలనిపిస్తే కింద రాయండి. నేను ప్రతి ఒక్కటీ చదువుతాను.