నాన్న సమాధిలో అమ్మ చోటు

చెన్నై క్రైస్తవ శ్మశానాల్లో చోటు చాలక, కొన్నేళ్ళు దాటితే పాత సమాధినే తెరిచి ఇంటివాళ్ళలో ఇంకొకరిని పెడతారు. ఈ పొద్దున అన్నయ్య అత్తగారు పోయారు. ఆమెను నాన్న సమాధిలో పెడదామన్నాడు అన్నయ్య.

“అది అమ్మ చోటు, నీ అత్తది కాదు” అంటూ తమ్ముడు ఇత్తడి చెంబుతో అన్నయ్య మూతి పగలగొట్టాడు. అన్నయ్య వాడి గొంతు పట్టి తలను గోడకేసి కొట్టాడు. చొక్కాల నిండా రక్తం.

అమ్మ కుర్చీలోంచి లేవలేదు. “ఆపండిరా. నన్ను ఆడ పెట్టొద్దు. పునరుత్థానం రోజు ఆయన నా పక్కనే లేస్తాడు. లేస్తానే మళ్ళీ నామీద చెయ్యెత్తుతాడు.”

ఇద్దరి చేతులూ దిగాయి.

పునరుత్థానం ఉందో లేదో నేను ఈ వయసుకీ తేల్చుకోలేదు. అమ్మకు ఆ సందేహం లేదు, అందుకే భయం. నాన్నకు దూరంగా ఒక్క చోటు ఎక్కడ దొరుకుతుందో, తెలిసినవాళ్ళు చెప్పండి.