ముసలమ్మకు మందు పెట్టిందెవరు

మొన్న బుధవారం పొద్దున్నే కరీంనగర్‌లో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చి నా చేతిలోంచి రక్తం తీసుకుపోయింది. సాయంత్రానికల్లా కోడలి ఫోనులోకి రిపోర్టు వచ్చేసింది, అందులో యూరిక్ యాసిడ్ అన్న మాట పక్కన అంకె ఎర్రగా ఉంది. కోడలు ఆ ఎరుపు చూసి ఆ పూటే నా కంచంలోంచి పప్పు తీసేసింది. నేను మాత్రం నమ్మలేదు. ముప్పై ఐదేళ్ళు ల్యాబుల్లో రక్తం చుక్కలతోనే బతికినదాన్ని కనుక, ఆ అమ్మాయి గొట్టం మీద పేరు సరిగా రాసిందో లేదో, ఎండలో బండి మీద ఎంతసేపు తిప్పిందో, ఎవరి రక్తం నా పేరు మీదికి వచ్చిందో అని లేనిపోని అనుమానాలన్నీ పెట్టుకుని, మర్నాడు నేనే నడిచి వెళ్ళి మరోచోట రక్తం ఇచ్చి వచ్చాను. అక్కడా ఎక్కువే వచ్చింది. అనుమానం నా వృత్తి నేర్పిన గుణమని అందరికీ చెప్పుకుంటూ ఉంటాను కాని, అది పూర్తిగా నిజం కాదు. నేను మొదట అనుమానించింది రక్తాన్ని కాదు, మా అవ్వను. మా వైపు అవ్వ అంటే అమ్మే.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ల్యాబు పని నేర్చుకుని ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో కొత్తగా చేరాను. మా ఊరు పెద్దపల్లి దాటాక వరిపొలాల మధ్య ఉండేది. మా ఇళ్ళు ప్రార్థన గుడి వెనక వరసలో ఉండేవి, ఊరిపెద్ద అయిన పటేలు ఇల్లు ఊరి నడుమ ఉండేది. ఆ ఇంట్లో తొంభై దాటిన ముసలమ్మ, పటేలుకు తల్లి, మంచం పట్టలేదు గాని మంచానికి దగ్గరగానే బతుకుతూ ఉండేది. ఆమెకు స్నానం చేయించడం, ఒళ్ళు పట్టడం, బువ్వ కలిపి తినిపించడం మా అవ్వ పని. పదకొండేళ్ళు ఆ పని చేసింది. మా నాన్నకు, అంటే బాపుకు, ఏనాడైనా వేడి అన్నం పెట్టిందో లేదో గాని, ఆ ముసలమ్మకు ఒక్కనాడు చల్లది పెట్టలేదు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో మా చేతి అన్నం తినడమంటే చిన్న విషయం కాదు. ముసలమ్మే పట్టుబట్టిందట, దీని చెయ్యి అయితేనే తింటానని.

ఒక ఎండాకాలం తెల్లవారుజామున ముసలమ్మ కాలి బొటనవేలు మండిపోతోందని కేకలు పెట్టింది. వేలి మొదలు ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతోంది, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతున్నట్టు అరుస్తోంది. తేలు కుట్టిందేమోనని పరుపు దులిపారు, నులకమంచం ఎండలో వేసి తాళ్ళ సందులన్నీ వెతికారు. ఏమీ దొరకలేదు. వారం తిరిగేసరికి అది తగ్గి, మణికట్టు వాచింది. మణికట్టు తగ్గుతుండగా మోకాలు పట్టుకుంది. నొప్పి ఇల్లు మారినట్టు ఇలా ఒంట్లో తిరుగుతుంటే, మా ప్రాంతంలో అప్పట్లో ఒక్కటే మాట వచ్చేది. మందు పెట్టారు. తెలియని జబ్బేదైనా సరే, అన్నంలో ఎవరో ఏదో కలిపినట్టే లెక్క. అన్నం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మీదికి చూపులు పోతాయి.

ఆ ఆదివారం నేను ఇంటికి వెళ్ళేసరికి అవ్వ గడప మీద కూర్చుని ఉంది. ప్రార్థనకు కూడా పోలేదు. పటేలు భార్య నలుగురిలో అన్నదట, “దీని చేతి కషాయం తాగినంకనే గిట్లయింది, ఏమేసి కాగవెట్టిందో ఎవలకెరుక” అని. పటేలు మాత్రం ఏమీ అనలేదట, తల వంచుకుని నిలబడ్డాడట. అవ్వకు ఆ మౌనమే ఎక్కువ బాధ.

“ఏమేసినవవ్వా గందుల?” అని నేను అడిగాను.

“వావిలాకు, జర శొంఠి. మోకాళ్ళు గుంజుతున్నయంటే రెండు నెలల సంది ఇస్తున్న. నీకు గూడ ఇచ్చిన గద చిన్నప్పుడు” అంది.

అంతకంటే ఏం చెప్పాలి ఆమె? కాని నేను చదువుకున్నదాన్ని, ల్యాబులో చేరి ఆరు నెలలైన గర్వం ఒకటి. అడవి ఆకుల్లో ఒకటనుకుని ఇంకొకటి తెంచి ఉంటుందేమో, చూపు తగ్గింది కదా, అని మనసులో ఒక పురుగు తొలిచింది. అవ్వ నీళ్ళకు పోయినప్పుడు పొయ్యి పక్కన కుండలో మిగిలిన కషాయం ఒక మందు సీసాలో పోసుకుని సంచిలో దాచుకున్నాను. కన్నతల్లి వంట దొంగతనంగా తీసి పరీక్షకు పట్టుకుపోవడం ఎంత పనో నాకప్పుడు తెలియలేదు. బస్సులో ఆ సీసా ఒళ్ళో పెట్టుకుని, తల్లిని కాపాడుతున్నాననే అనుకున్నాను.

మా ఆసుపత్రిలో ఆకు కషాయాన్ని పరీక్షించే సాధనం ఏదీ లేదని తీరా వెళ్ళాక గుర్తొచ్చింది. సీసా ఎదురుగా పెట్టుకుని నిలబడి ఉంటే డాక్టరమ్మ చూసింది. జగిత్యాల వైపు మనిషి, నెరిసిన జుట్టు, మాట కరుకు. సంగతంతా విని సీసా వైపు చూడనైనా లేదు. “కుండ ఎందుకు తెచ్చినవ్? మనిషిని తీస్కరా. ఆమె దినాం ఏమేం మింగుతదో అన్నీ ఏరుకొని తెమ్మను. ఒక్కటి గూడ ఇడువద్దను” అంది.

కబురు పంపితే మూడో రోజు పటేలు తల్లిని జీపులో పడుకోబెట్టుకుని తీసుకొచ్చాడు, భార్య వెంట వచ్చింది. మా అవ్వను పిలవలేదు. ముసలమ్మ చేతిలో నరం దొరకడమే కష్టమైంది, చర్మం ఎండిన అరిటాకులా ఉంది. అప్పట్లో మా దగ్గర యంత్రాలు లేవు. రక్తం తేర్చి రసాయనాలు కలిపితే నీలం రంగు వచ్చేది, ఎంత ముదురు నీలమైతే అంత యూరిక్ యాసిడ్ ఉన్నట్టు. ముసలమ్మ గొట్టం సిరాలా ముదిరింది. నాకు నమ్మకం కుదరలేదు. నా చెయ్యి తప్పిందేమో, రసాయనం పాతదేమో అని కొత్త సీసా తెరిచి, పక్కన నా రక్తం కూడా పెట్టి మళ్ళీ చేశాను. నాది లేత నీలం, ఆమెది మళ్ళీ సిరా. అవ్వ తప్పు కాదన్న రుజువు కోసం చేస్తున్నానా, అవ్వ తప్పేనేమోనన్న భయంతో చేస్తున్నానా అన్నది ఈనాటికీ తేల్చుకోలేదు.

డాక్టరమ్మ పటేలును అడిగింది, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని. కషాయం తప్ప ఏమీ లేదని భార్య గట్టిగా చెప్పింది. ముసలమ్మకు చెవుడు, అయినా ఆ మాట ఎలా వినపడిందో గాని మంచం మీంచే అంది, “ఎందుకు లేదు? పొద్దుగాల తెల్లగోలి. నా కొడుకే ఏస్తడు.”

పటేలు మొహం పాలిపోయింది. ఆరు నెలల కింద తల్లి పాదాలకు వాపు వస్తే ఊరి వైద్యుడు ఒంటి నీరు తీసే గోళీ రాసి కొన్నాళ్ళు వాడమన్నాడట. వాపు తగ్గిందని సంతోషపడి, మానేస్తే మళ్ళీ వస్తుందేమోనని, పటేలే దుకాణంలో తెచ్చి రోజూ వేస్తూ వచ్చాడు. ఎండాకాలం వాపు మళ్ళీ కనబడితే ఒకటికి రెండు చేశాడు. అది మందని కూడా అతనికి తోచలేదు, తల్లికి చేసే సేవ అనుకున్నాడు.

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. ఆ గోళీ ఒంట్లో నీటిని బయటికి తోస్తుంది గాని ఆ యాసిడ్‌ను లోపలే ఆపేస్తుందనీ, తొంభై ఏళ్ళు పనిచేసిన మూత్రపిండాలు దాన్ని వడకట్టలేకపోతే అది సన్నని పలుకులుగా కీళ్ళలో చేరి పొడుస్తుందనీ. ఇంత వయసులో గుండె, మూత్రపిండాలు, బీపీ, కీళ్ళు అన్నీ ఒకే దారానికి వేసిన ముడులనీ, ఒకటి లాగితే ఇంకొకటి బిగుస్తుందనీ అంది. ముసలమ్మకు ఎవరో చెవిలో గట్టిగా చెప్పారు. ఆమె కాసేపు కొడుకును చూసి, పళ్ళు లేని నోటితో నవ్వింది.

“అయితే మందువెట్టింది నువ్వేనారా?”

ఎవరూ నవ్వలేదు. పటేలు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. కొడుకు తల్లి కాళ్ళ దగ్గర చేతులు పెట్టి, వాచిన చోట తగలకుండా, అలాగే ఉండిపోయాడు.

గోళీ మార్చారు, నీళ్ళు ఎక్కువ తాగించమన్నారు, ఇరవై రోజుల్లో ముసలమ్మ కర్ర పట్టుకుని అరుగు దాకా నడిచింది. పటేలు స్వయంగా మా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆ వాడలోకి అతను రావడం నేను చూడడం అదే మొదలు. “తప్పయింది. నువ్వు లేకుంటే మా అవ్వ తింటలేదు, రా” అన్నాడు. అవ్వ వెళ్ళింది. కాని గడప దాటేముందే ఒక మాట చెప్పింది. “తానం చేపిస్త, ఒళ్ళు పడ్త. బువ్వ మాత్రం మీ చేతులతోని మీరే పెట్టుకోన్రి, పటేలా.” ముసలమ్మ ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. ఎంత బతిమిలాడినా, ఒకసారి ఏడ్చినా కూడా, అవ్వ మళ్ళీ ఆమె నోట్లో ముద్ద పెట్టలేదు.

నేను తీసిన కషాయం గురించి అవ్వ ఏమీ అనలేదు. తెలియదనే అనుకున్నాను. ఒకనాడు పప్పు రుబ్బుతూ, తల ఎత్తకుండానే అంది, “ఆళ్ళంటే పరాయోళ్ళు. కుండల తక్కువైతే నాకు తెల్వదా బిడ్డా?” నేను బిందె పట్టుకుని నీళ్ళకు పోయాను. తప్పయిందని చెప్పి ఉంటే బాగుండేది.

తర్వాత చాలా ఏళ్ళకు అవ్వే ఎనభై దాటి నా దగ్గరికి వచ్చింది, బీపీ, షుగరు, మూత్రపిండాల బలహీనత అన్నీ వెంట తెచ్చుకుని. రోజూ పొద్దున గోళీలు నేనే ఇచ్చేదాన్ని. ప్రతి గోళీనీ అరచేతిలో తిప్పి, వెలుగుకు పట్టి, “గిదేం గోలి?” అని అడిగేది. పేరు చెప్పేదాన్ని, ఎందుకో చెప్పేదాన్ని, అప్పుడు మింగేది. మర్నాడు మళ్ళీ అడిగేది. మతిమరుపు అనుకునేవాళ్ళు ఇంట్లో. నాకు మాత్రం అది మతిమరుపో, గుర్తుంచుకోవడమో చివరిదాకా తెలియలేదు. పోయే రోజు పొద్దున కూడా అడిగింది.

ఇప్పుడు మందు పెట్టారన్న మాట మా ఊళ్ళలో ఎవరూ అనడం లేదు, అది మంచిదే. కాని ఏం మింగుతున్నావని అడిగేవాళ్ళు కూడా లేకుండా పోయారు. ఏడు రోజుల పేర్లున్న ప్లాస్టిక్ డబ్బాలో నా బీపీ గోళీలు నేనే సర్దుకుంటాను, ఏ రోజు గదిలోది ఆ రోజు వేసుకుంటాను. ఒక్కోసారి తెల్లదొకటి వెలుగుకు పట్టి చూస్తాను. గిదేం గోలి అని అడిగితే చెప్పడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. మింగేస్తాను.