కిరందుల్‌లో ఉప్పునీళ్లు

ఇనుప గనుల ఊరు కిరందుల్‌కు కాపురానికి వచ్చిన మొదటి ఏడాది నేను ఇంట్లో ఒకచోట కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. విశాఖలో బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఇక్కడ ఆయన గని షిఫ్టుకు వెళ్లాక కిటికీల మీద పేరుకున్న ఎర్రధూళి తుడిచేదాన్ని. అది మళ్లీ పేరుకునేది, మళ్లీ తుడిచేదాన్ని. బీరువాను ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపేదాన్ని. "మనింట్లో సామానుకు కూడా షిఫ్టులే," అని ఆయన నవ్వేవారు.

సముద్రం మీద బెంగ అనలేను. విశాఖలో ఉన్నన్నాళ్లూ బీచికి వెళ్లిందే తక్కువ. ఒకసారి పుట్టింటికి వెళ్లినప్పుడు ఓ దుకాణంలో ఉప్పునీటి అక్వేరియం చూశాను. రాళ్లకు అంటుకున్న పగడపు జీవులు నీటి కదలికకు ఊగుతున్నాయి. అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాగేదాకా అక్కడే నిలబడిపోయాను. తిరుగు రైల్లో నా బెర్తు కింద ఓ చిన్న గాజుతొట్టి, ఉప్పు సంచి, పంపు, లైటు ఉన్నాయి.

మోకాళ్ల నొప్పులు చూపించుకుందామని మా అత్తయ్య భోపాల్‌పట్నం నుంచి వచ్చేసరికి తొట్టిలో ఉప్పునీళ్లూ రాళ్లూ తప్ప ఏమీ లేవు. ఆమె కుర్చీ జరుపుకుని తొట్టిలోకి తొంగి చూసింది.

"ఏందమ్మా ఇది, నీళ్లకూ రాళ్లకూ లైటు పెట్టినవ్?"

"చేపలు వస్తాయత్తయ్యా. ముందు ఆ రాళ్లలో కంటికి కనబడని జీవులు పెరగాలి. అవి లేకపోతే చేపల మురికే చేపలకు విషమవుతుంది."

"ఎన్ని దినాలు?"

"నెల పైనే పడుతుంది."

"అన్ని దినాలు ఆగుతవా నువ్వు?"

ఆగలేకపోయాను. పొద్దున లేవగానే నీళ్లు పరీక్ష చేసేదాన్ని, అన్నం వార్చి మళ్లీ చేసేదాన్ని. చివరికి నీళ్లు కుదిరాక విశాఖ వెళ్లి, తెల్ల పట్టీల నారింజ చేపల జంటనూ ఓ రొయ్యనూ తెచ్చాను. గట్టి పగడాలు ఉంచుకోవడానికి చట్టం ఒప్పదని దుకాణదారు చెప్పడంతో మెత్తని జాతులే తీసుకున్నాను. వాటిలో ఒకటి తోలుపగడం. అరచేయంత ఉంటుంది, ఒళ్లంతా సన్నటి నూగులా పువ్వులు విచ్చుకుంటాయి.

అన్నీ బతికాయి. అంతటితో ఊరుకోవచ్చు. కానీ చిన్న తొట్టిలో నీళ్లు కొంచెం ఆవిరైనా ఉప్పు పెరుగుతుంది, ఎండ ముదిరితే నీళ్లు వేడెక్కుతాయి. పెద్ద తొట్టి అయితే నిలకడగా ఉంటుందని ఆయనకు చెప్పాను. అది నిజమే. అయితే అన్నీ బాగుండటంతో నాకు చెయ్యడానికేమీ మిగల్లేదన్నది కూడా నిజం.

"బాగున్నదాన్ని ఎందుకు కదుపుతావు?" అన్నారాయన. అన్నాక ఆయనే జగదల్‌పూర్‌లో తొట్టి చేయించి, పికప్‌లో గడ్డి పరిచి తీసుకొచ్చారు.

మార్చే రోజు ఆయన పొద్దుటి షిఫ్టులో ఉన్నారు. మోకాళ్ల వైద్యం ఇంకా పూర్తికాక అత్తయ్య మా దగ్గరే ఉంది. బయట వాన. చేపల్నీ రొయ్యనూ టబ్బులోకి, పగడాల్ని బకెట్లోకి, రాళ్లను ఇంకో టబ్బులోకి తీశాను. కొత్త తొట్టిలో ఇసుక పోసి సగం నీళ్లు నింపానో లేదో, కరెంటు పోయింది; టబ్బులోకి గాలి కొట్టే పంపు ఆగిపోయింది. ఇసుక మురికికి నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. వాటిలో ఇప్పుడే ఏదీ వదలలేను. ఇంట్లో ఇన్వర్టరు లేదు.

పక్క క్వార్టరు ఆవిడ గుమ్మంలోంచి, "తార్ పే పేడ్ గిర్ గయా, షామ్ తక్ నహీ ఆయేగీ," అంది. తీగల మీద చెట్టు కూలింది, సాయంత్రం దాకా ఆశ లేదు.

కాసేపటికి చేపలు టబ్బులో పైకి వచ్చి నోళ్లు తెరవసాగాయి. నేను కిటికీ దగ్గరికి, ఫోన్ దగ్గరికి, మళ్లీ టబ్బు దగ్గరికి తిరుగుతున్నాను. అత్తయ్య పీట వేసుకుని కూర్చుని, మగ్గు అందుకుని, నీళ్లు పైకెత్తి టబ్బులోకే పోయడం మొదలుపెట్టింది.

"నీళ్లకు గాలి తగలాలె, గంతే గద? మా ఊళ్లె చేపపిల్లలు అమ్మేటోళ్లు కుండల నీళ్లను చేత్తోని కొట్టుకుంటనే నడుస్తరు."

"అంతేనత్తయ్యా."

"అయితే నువ్వు గా బకెట్ కాడ కూసో. నువ్వు తిరిగితే కరెంట్ రాదు."

కూర్చున్నాను. పక్కింటావిడ కూడా కొంగు దోపుకుని మా మధ్య కూర్చుంది. చేతులు పడిపోతుంటే మార్చుకుంటూ, అత్తయ్య గోండి మాటలు కలిపి హిందీలో ఆవిడతో కబుర్లాడుతుంటే వింటూ, నీళ్లు ఎత్తి పోస్తూనే ఉన్నాం. ఆయన వచ్చి, బూట్లయినా విప్పకుండా నా చేతిలో మగ్గు తీసుకున్నారు. చీకటి పడకముందే కరెంటు వచ్చింది.

రొయ్య చచ్చిపోయింది. చేపలు దక్కాయి. తోలుపగడం మాత్రం కొత్త తొట్టిలో ముడుచుకుపోయి, మైనం పూసినట్టు పాలిపోయింది. రోజులు గడిచినా విచ్చుకోలేదు. చోటు మారుద్దామని నేను చెయ్యి పెట్టబోయినప్పుడల్లా అత్తయ్య, "దాని పాణం దాన్ని కుదుర్చుకోనీ," అనేది. ఆ మాటకు నాకు లోపల ఉడికిపోయేది. వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేదాన్ని.

ఒక పొద్దున దాని మీది పొర పాము కుబుసంలా ఊడి నీళ్లలో తేలింది. మధ్యాహ్నానికి ఒక అంచున నాలుగైదు పువ్వులు విచ్చుకున్నాయి. అత్తయ్య ఊరికి వెళ్లే బస్సు ఆ రోజే. సంచి గుమ్మంలో పెట్టి, చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చింది.

"రేపు పోత తియ్," అని తొట్టి ముందు కూర్చుంది. నేనూ కూర్చున్నాను. కాసేపే. ఆమెకు టీ పెట్టాలని గుర్తొచ్చి లేచాను.