దొరకని పేజీ ముందు చెయ్ అన్న మా సంపత్ అన్న

నిన్న పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగా సరిత వదిన ఫోన్ చేసింది.

"మీ అన్న ఇగ లేడు పద్మా" అంది.

"ఏ అన్న వదినా?" అని అడిగాను.

ఎంత మొద్దు ప్రశ్న. వదినకి భర్త, నాకు అన్న అయిన మనిషి సంపత్ అన్న ఒక్కడే కదా. అయినా నోట్లోంచి అదే వచ్చింది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న శనివారం మన గ్రూపులో నా ఫొటో మీద జోక్ వేసిన మనిషి. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఈ పోస్ట్ మన పాత ఆఫీసు బ్యాచ్ కోసం, ప్రగతి నగర్‌లో ఆయన ఇంట్లో ఆదివారాలు వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకున్నవాళ్ల కోసం. తర్వాత వచ్చినవాళ్లకి కూడా ఆయన ఎవరో తెలియాలి.

అవి ఉద్యమం రోజులు. నేను తణుకు నుంచి వచ్చి మాదాపూర్‌లో డేటా ఎంట్రీ చేస్తున్నాను. సంపత్ అన్నది జనగామ వైపు. అదే ఆఫీసులో వెబ్ టీమ్ సీనియర్.

లంచ్ టేబుల్ దగ్గర మా ఇద్దరికీ రోజూ గొడవే. ఆయన తెలంగాణ రావాలంటాడు, నేను కలిసే ఉండాలంటాను. నాకు నోరెక్కువ, ఆయనకి ఓపికెక్కువ. శుక్రవారం దాకా వాదించుకుని, ఆదివారం పొద్దున్నే వాళ్లింట్లో వదిన పెట్టిన సర్వపిండి తింటూ కోడింగ్ నేర్చుకునేదాన్ని.

మా డేటా ఎంట్రీ ప్రాజెక్ట్ మూసేస్తున్నారని అప్పటికే చెప్పేశారు. ఈలోగా డెవలపర్‌గా ఎక్కడైనా కుదురుకోకపోతే సామాన్లు సర్దుకుని తణుకు వెళ్లిపోవడమే. నాకేమో హైదరాబాద్ వదలాలని లేదు.

వెబ్ డెవలపర్ అవ్వాలంటే ఏమేం రావాలి అని మొదటి రోజే అడిగాను. పెద్ద చిట్టా చెబుతాడనుకున్నాను. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ చేస్తూ ఉంటే చేతికొస్తాయి, ఎర్రర్ వస్తే భయపడకుండా చివరిదాకా చదువు అన్నాడు. ఆ తర్వాత, ముందు దొరకని పేజీ చెయ్ అన్నాడు.

అదేనండీ, సైట్‌లో లేని అడ్రస్ కొడితే 'పేజ్ నాట్ ఫౌండ్' అని వస్తుంది చూడండి, అది.

నాకు ఒళ్లు మండింది. ఎవరైనా హోమ్ పేజీతో మొదలుపెడతారు కదా అన్నాను.

"ఇంటికొచ్చినోనికి అన్నీ కనవడ్తయి. దారి తప్పినోనికి ఏం కనవడ్తది? గా సంగతి చూడు ముందు" అన్నాడు.

నేను ఎర్ర రంగులో, ఇంత లావు అక్షరాలతో 'ఎర్రర్' అని పెట్టి చూపించాను. మనిషి మొహం మీద గిట్ల తలుపేస్తారా అని కీబోర్డ్ లాక్కుని తనే రాశాడు.

"గీ పేజీ ఈడ లేదు. పరేషాన్ గాకు. పా, ఇంటికి పోదాం."

'ఇంటికి' అన్న మాట నొక్కితే హోమ్ పేజీ వస్తుంది.

ఇదేం తెలుగండీ అని ఎగతాళి చేశాను. అయితే నీ తెలుగులో రాయి అన్నాడు. పంతానికి కింద రాశాను: "మీరు వెతికే పేజీ ఇక్కడ లేదండి. కంగారు పడకండి." ఏదో ఒకటి తీసేద్దామంటే ఇద్దరం ఒప్పుకోలేదు. రెండూ ఉండిపోయాయి.

కొన్నాళ్లకి గచ్చిబౌలిలో ఇంటర్వ్యూ పడింది. సరిగ్గా ఆ రోజే బంద్.

మియాపూర్ డిపోలోంచి ఒక్క బస్సు బయటికి రాలేదు. ఆటోలు లేవు. రోడ్డు పక్కన నిలబడి ఏడుపు ఆపుకుంటూ అన్నకి ఫోన్ చేశాను. ఆయన ధర్నాకి బయల్దేరుతున్నాడు. మెడలో కండువాతోనే బండి వేసుకుని వచ్చేశాడు.

దారిలో రోడ్డుకి అడ్డంగా కూర్చున్నవాళ్లు ఆపారు. అన్న నన్ను మాత్రం నోరు విప్పొద్దన్నాడు, నా 'అండి' బయటపడుతుందని ఆయన భయం.

"మా చెల్లె. పరీక్షున్నది, జర పోనీయుండ్రి" అన్నాడు.

వాళ్లు జరిగి దారిచ్చారు. ఒకతను ఆల్ ద బెస్ట్ కూడా చెప్పాడు. నేను అలవాటుకొద్దీ థాంక్సండీ అనేశాను. అందరూ ఒకటే నవ్వు. అన్న బండి ఆపకుండా పోనిచ్చాడు.

టెస్ట్‌లో చిన్న సైట్ చేయమన్నారు. అలవాటు ప్రకారం ముందు అవే మాటలతో దొరకని పేజీ, తర్వాతే మిగతావి. ఇంటర్వ్యూ చేసేవాయన లింకులు నొక్కి చూస్తుంటే, కంగారులో ఒకటి తప్పు ఇచ్చానని అప్పుడు కనబడింది. నా పని అయిపోయిందనుకున్నాను.

తెర మీద మా ఇద్దరి తెలుగులూ వచ్చాయి.

ఆయన చదివి గట్టిగా నవ్వాడు. పొద్దుట్నుంచి చూసినవాళ్లలో దారి తప్పినవాళ్ల గురించి ఆలోచించింది నువ్వే అమ్మా అన్నాడు. ఆ ఉద్యోగం వచ్చింది. ఈ ఊళ్లోనే ఉండిపోయాను.

తెలంగాణ వచ్చిన రోజు అన్న మొదటి స్వీట్ తెచ్చి నాకే పెట్టాడు. మొహం మాడ్చుకునే తిన్నాను. ఇంకోటి కూడా అడిగాను.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. కంప్యూటర్ ముందు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, నిలబడ్డవాళ్లు కూడా అందులో కూర్చోలేదు. వదిన నా చెయ్యి పట్టుకుని, ఇగ ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు అంది.

దారి తప్పినోనికి ఏం కనవడ్తది అని అడిగేవాడివి కదా అన్నా. నిన్నటి నుంచి మాకేమీ కనబడటం లేదు.

వదినకి నీ మాటే చెప్పాను. నీ తెలుగులోనే.

"పరేషాన్ గాకు వదినా."

నువ్వూ కంగారు పడకు అన్నా. నెమ్మదిగా ఇంటికి పో. అక్కడ నీకు శాంతి దొరకాలి.