పిల్లర్‌కూ పిల్లర్‌కూ మధ్య

తినే అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి ముక్కా నిజం.

ఆ ఉదయం ఉప్పల్ వెళ్ళే బస్సు ఎంత నెమ్మదిగా నడిచిందంటే, నేను దిగి టీ తాగి మళ్ళీ అదే సీట్లో కూర్చున్నాను. నాచారంలో నా షాపులో ఇనుము చెక్కే లేత్ మిషను మోటారు కూడా నెమ్మదిగా తిరిగితే చాలు, కుదుపులే.

"మోటర్ పోయినట్టే, మెల్లగ తిప్పితే కుదుపులే. కొత్తదంటే షాపు అమ్ముకోవాలె," అని ఫోనులో మెకానిక్‌తో అంటుంటే పక్క సీటావిడ విన్నది.

"అన్నా, నిమిషానికి ఎన్ని పిల్లర్లు దాటుతున్నం?" అంటూ సగం కట్టిన ఫ్లైఓవర్ వైపు చూపించింది.

"ఒకసారి ఒకటి, ఒకసారి సున్న."

"మరి బస్సు ఆగిందా? నీ మోటర్‌ను నడిపే డ్రైవు డబ్బా గూడ, మోటర్ తిరుగుతుంటే సెన్సర్ పంపే పల్సులు గిట్లనే లెక్కపెడుతున్నట్టుంది. సున్న వస్తే మోటర్ ఆగిందనుకొని గుంజుతది. పల్సుకు పల్సుకు నడుమ టైం సూసే సెట్టింగు పెట్టు."

షాపుకు వెళ్ళి అలాగే పెట్టాను. మోటారు మెత్తగా తిరిగింది. నేను స్టూలు మీద కూలబడి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

టీ తాగడం నా కల్పన. మోటారు మాత్రం ఇంకా తిరుగుతోంది, వచ్చి చూసుకోండి.