ఆయమ్మ చేతికి కట్టున్న ఆరు వారాలు

ఆ బళ్లో ఒకటో తరగతి పిల్లలు నలభై మంది. వాళ్ల బూట్ల లేసులు, చొక్కా గుండీలు, భోజనం డబ్బాల మూతలు, కారే ముక్కులు, అన్నీ ఆయమ్మ పనే. పదహారేళ్లు గుండీల కార్ఖానాలో కూర్చుని, అమ్మకానికి వెళ్లే అట్టలకు గుండీలు కుట్టిన చెయ్యి అది. కార్ఖానా మూతపడ్డాక ఈ బడికి వచ్చింది. పిల్లాడు ‘ఆయమ్మా’ అనేలోపే గుండీ పెట్టేసి పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయేది. ఆ వేగం చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేది. ఉండొద్దా మరి?

టీచరుకు మాత్రం అది నచ్చేది కాదు.

“అన్నీ నువ్వే చేసిపెడితే వీళ్ల వేళ్లు ఎప్పుడు గట్టిపడతాయమ్మా? పెన్సిలు కూడా సరిగా పట్టుకోలేకపోతున్నారు.”

“పసివాళ్లండీ! ఆకలి కడుపుతో డబ్బాతో కుస్తీ పట్టమంటారా?” అని ఆయమ్మ కొట్టిపారేసేది.

టీచరు చెప్పిందే నిజం. ఆయమ్మ ప్రేమతోనే చేసింది, అయినా తప్పు తప్పే.

ఒకరోజు తాను తుడిచిన మెట్ల మీద తానే జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు తీయకూడదన్నారు. పెద్ద మేడమ్ మొహమాటపడలేదు.

“గంట కొట్టేలోపు పిల్లలు తిని లేవాలి. రెండు వారాలు చూస్తాను. కుదరకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాం. ఏమీ అనుకోకు.”

 ఆయమ్మకు భర్త లేడు. కూతురి నర్సింగు చదువు ఇంకా పూర్తి కాలేదు. ఒంటి చేతి మనిషికి ఇంకెక్కడ పనిస్తారు?

మొదటి రోజు మధ్యాహ్నం బుడంకాయ డబ్బా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. తరగతిలో అందరికంటే పొట్టిది కాబట్టి ఆ పిల్లకు ఆ పేరు.

“నువ్వే తియ్యి తల్లీ.”

“ఎలా?”

 ఎలాగో ఆయమ్మ చేతికి తెలుసు, నోటికి తెలియదు. “అదిగో, అలా పట్టుకుని, ఇలా అనాలి.”

“ఇలా అంటే ఎలా?”

గంట కొట్టేసరికి సగం డబ్బాల మూతలే రాలేదు. బుడంకాయ వెక్కుతూ వెళ్లి టీచరు చేత తీయించుకుంది.

ఆ సాయంత్రం కూతురు గబగబా తల్లి స్వెటరు గుండీలు పెట్టబోయింది.

“ఆగవే! మెల్లిగా పెట్టు. ఏ వేలు ముందు కదులుతుందో చూడాలి.”

“అమ్మా, దెబ్బ తగిలింది చేతికేనా, తలక్కూడానా?”

“నోర్మూసుకుని పెట్టు.”

కూతురు నవ్వుకుంటూనే గుండీ పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. డబ్బా మూత కూడా పదిసార్లు తీసి మూసింది. ఒక్కో కదలికకూ ఆయమ్మ ఒక మాట వెతుక్కుంది.

మర్నాడు టీచరు దగ్గరికి వెళ్లి తల వంచుకుని అడిగింది, ఆ వేళ్లకు బలం ఎలా వస్తుందని. ‘నేను ముందే చెప్పలేదా’ అని టీచరు దెప్పలేదు. మట్టి ముద్దలు, సంచెడు బట్టల క్లిప్పులు తెచ్చింది. అప్పట్నుంచి రోజూ పొద్దున కాసేపు పిల్లలు మట్టి పిసికేవారు, తాడుకు క్లిప్పులు పెట్టి తీసేవారు. మధ్యాహ్నం ఆయమ్మ బెంచీ మీద కూర్చుని కేకలు పెట్టేది.

“ఎడం చేత్తో డబ్బాను గట్టిగా పట్టుకోండి, పారిపోతుందది! బొటనవేలు మూత అంచు కింద. ఇప్పుడు పైకి తొయ్యండి!”

రెండు వారాల గడువు చివరి రోజు పెద్ద మేడమ్ గుమ్మంలో నిలబడింది. ముప్పై తొమ్మిది మూతలు వచ్చేశాయి. మిగిలింది బుడంకాయది. ఆయమ్మ ఎడం చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లబోయింది. ఆమె ఆ చేతి మీదే కూర్చుంది. 

“బొటనవేలు అంచు కింద, బొటనవేలు అంచు కింద” అని గొణుక్కుంటోంది బుడంకాయ. ఫట్‌మని మూత ఎగిరి మేడమ్ చెప్పు మీద పడింది. పిల్ల రెండు ముద్దలు తిన్నదో లేదో, గంట మోగింది.

మేడమ్ మూత తీసి తుడిచి పిల్ల పక్కన పెట్టింది. “నిదానంగా తిను” అంది. ఆయమ్మ వైపు తిరిగి, “రేపట్నుంచి గంట ఐదు నిమిషాలు ఆలస్యంగా కొట్టమంటాను. నువ్వు మానేస్తే వీళ్లకు కేకలు పెట్టేదెవరు?” అంది.

ఆయమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ఆరో వారం కట్టు తీశారు. వేళ్లు పుల్లల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. మర్నాడు బడి వరండాలో స్వెటరు గుండీతో తంటాలు పడుతుంటే బుడంకాయ చూసింది. చెయ్యి చాచింది. మళ్లీ వెనక్కి లాక్కుని, రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

“తొందరేం లేదు ఆయమ్మా. నువ్వే పెట్టుకో. నేనిక్కడే ఉంటా.”

కార్ఖానాలో పదహారేళ్లు అందరూ ‘త్వరగా, త్వరగా’ అన్నవాళ్లే. ‘తొందరేం లేదు’ అన్న మొదటి మనిషికి ఆరేళ్లు. ఆయమ్మకు కళ్లు మసకబారి గుండీ రంధ్రం కనిపించలేదు. ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తెలియక, తనను పడేసిన ఆ మెట్ల వైపే ఒకసారి చూసి, ముక్కు ఎగబీల్చింది.

చాలాసేపటికి గుండీ దూరింది.

“ఇంకా మూడున్నాయి” అంది బుడంకాయ. జేబులోంచి ఎర్ర క్లిప్పు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టింది. “ఇది ఇంటికి తీసుకెళ్లి రోజూ నొక్కు.”