దల్మా కొండ దాకా గోనెసంచిలో కొండచిలువ

దల్మా కొండకు వెళ్లాలనుకుంటున్నాం, దారి చెప్పమని ఈ మధ్య కొందరు అడిగారు. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఆ కొండంతా నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. నిజానికి నేను దాని పాదం దాకా వెళ్లింది ఒక్కసారే. ఎనభైల మొదట్లో, ఇంటర్ చదివే రోజుల్లో. ఏనుగుల్ని చూడ్డానికీ కాదు, విహారానికీ కాదు. మా అక్క పైడితల్లి తన ఇంట్లో పెంచుతున్న కొండచిలువను అడవిలో వదిలిపెట్టడానికి తోడు రమ్మంది. వెళ్లాను.

మా నాన్న టాటానగర్ రైల్వేలో ఫిట్టరు. మేం స్టేషను వెనక క్వార్టర్లో ఉండేవాళ్లం. అక్కను అదే ఊళ్లో బారిడీహ్‌లో ఉండే మా విజయనగరం వాళ్లకే ఇచ్చారు. బావ కంపెనీలో ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు దగ్గర, షిఫ్టు పని చేసేవాడు. పెళ్లయిన రెండో వానాకాలంలో, సువర్ణరేఖ పొంగి నీళ్లు వాళ్ల వీధి చివరిదాకా వచ్చినప్పుడు, పెరట్లో బొగ్గు కుప్ప పక్కన అక్కకు ఒక పాము పిల్ల కనిపించింది. మూరన్నర పొడుగు, ఒంటినిండా గోధుమరంగు మచ్చలు. చుట్టుపక్కలవాళ్లు కర్రలు తెచ్చేలోపు దానిమీద గంప బోర్లించి, ఇది కొండచిలువ పిల్ల, దీనికి విషం ఉండదు, నీళ్లు తీశాక ఏటి ఒడ్డున వదిలేస్తానని చెప్పింది. నీళ్లు తీశాయి. అక్క వదల్లేదు. పాత ట్రంకు పెట్టె మూత కోసి ఇనుప వల బిగించి, అందులో పెట్టి పెంచింది. వీధిలోవాళ్లు మొదట తిట్టారు. తర్వాత తమ బోనుల్లో పడ్డ ఎలుకల్ని తెచ్చి ఇచ్చి వినోదం చూసేవాళ్లు. కొండచిలువను ఇంట్లో పెట్టుకోవడం నేరమని మాలో ఎవరికీ తెలియదు. అప్పటికే నేరం అది.

మరుసటి ఏడాది దసరాకల్లా అది అక్క కంటే పొడుగైంది. ఆ పండగ వెళ్లాక తిండి మానేసింది. చలికాలం కదా, ఎండలొస్తే తింటుందనుకున్నారు. హోళీ వెళ్లింది, ఎండలు ముదిరాయి, ఎలుకను లోపలికి వదిలితే అది పాము వీపు మీదుగా పరుగులు పెట్టేది తప్ప పాము తల ఎత్తలేదు. నోటి పక్కన వాపు వచ్చి చొంగ కారేది. అక్క పశువుల ఆసుపత్రికి వెళ్లి అడిగితే, ఆవులకూ కుక్కలకూ తప్ప మందు తెలియదన్నారు. అప్పుడు నాకు కబురు పెట్టింది.

బావకు ఆ వారం మొదటి షిఫ్టు. తెల్లవారకుండా వెళ్లిపోయి రెండింటికి దిగుతాడు. ఆలోగా మేం తిరిగి రావాలి. ముందురాత్రి నేనక్కడే పడుకున్నాను. ఆయన సైకిలు సందు తిరగ్గానే అక్క పెట్టె తెరిచింది. పామును రెండు చేతుల్తో ఎత్తి, తడిపి పిండిన గోనెసంచిలోకి దించి, మూతి వదులుగా కట్టింది. నేను సంచి అడుగున పట్టుకున్నాను. తడి మట్టిని మోస్తున్నట్టు ఉంది. బారిడీహ్ నుంచి సాక్చికి మినీ బస్సు, అక్కణ్నుంచి మాంగో వంతెన దాకా టెంపో. వంతెన నడిచి దాటి, అవతల రాంచీ వైపు వెళ్లే బస్సు ఎక్కాం. ఇద్దరికీ కలిపి ఛార్జీలు సినిమా టికెట్టంత కూడా కాలేదు. కండక్టరు సంచిని బూటుతో తట్టి, "బోరే మే క్యా హై?" అన్నాడు, అందులో ఏముందని.

"కద్దూ," అంది అక్క. గుమ్మడికాయలని.

"తో ఊపర్ డాలో, సీట్ కాహే రోకే హో?"

సీటుకు అడ్డంగా ఉంది, టాపు మీద వెయ్యమంటే అక్క సంచిని ఒళ్లోకి లాక్కుంది. నలిగిపోతాయి భయ్యా, ఒళ్లో పెట్టుకుంటానని హిందీలో బతిమాలింది. దారి పొడుగునా గోనె మీద ఒక చెయ్యి ఆనించే కూచుంది. పారడీ దాటాక కొండ రోడ్డుకు దగ్గరగా వస్తుంది. అక్కడ దిగాం. మీరు ఇప్పుడు వెళ్తే ఇంకా ముందుకెళ్లి అభయారణ్యం గేటు దగ్గర టికెట్టు తీసుకోవాలి, సొంత బండి ఉంటే మేలు. మేం మాత్రం ఎండిన పొలాలకు అడ్డంపడి ఓ గంట నడిచాం. మోదుగులు పూసి కొండ పాదమంతా ఎర్రగా ఉంది. విప్పచెట్ల కింద నేలంతా తీపి వాసన. అంత అందమైన దారిలో అంత దిగులుగా నేను మళ్లీ ఎప్పుడూ నడవలేదు.

ఒక కల్వర్టు మీద సంచి దించి కూచున్నాం. అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "బెంగగా ఉందా అక్కా?" అని అడిగాను.

"బెంగ కాదే బుల్లీ. బయ్యిం."

"ఏటి బయ్యిం? పామును నువ్వు ఎత్తుకు తిరుగుతావు."

"పాముకి కాదు. ఇది ఇంటికొచ్చిన కాడి నుంచి మీ బావ నా మీద సెయ్యెత్తలేదు."

బావ తాగుతాడని తెలుసు. కొడతాడని మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. పాము దొరికిన రోజు సాయంత్రం ఆయన జుట్టు పట్టుకుని ఈడిస్తే అక్క వెళ్లి గంప మీద పడిందట. గంప పక్కకి ఒరిగి పాము పిల్ల బయటికి వచ్చింది. బావ కేక పెట్టి వీధిలోకి పారిపోయాడు. ఆయనకు పామంటే ప్రాణం పోయేంత భయమని అక్కకు ఆ రోజే తెలిసింది.

"పెట్టె నా గదిలో ఎట్టుకున్నాను. ఆ గది గుమ్మం తొక్కలేదాయన ఇంతవరకూ. తాగొత్తే అరుగు మీదే తొంగుంటాడు. ఏడాదిన్నర, బుల్లీ. తలుపు గెడ కూడా ఎయ్యకుండా పడుకున్నాను."

"అమ్మకి తెలుసా?"

"తెలుసు. నాన్నకీ తెలుసు. ఏటి సేత్తారు?"

నాకు ఏడుపొచ్చింది. "మరెందుకు ఒగ్గేడం? ఇంటికి తీసుకుపోదాం అక్కా. తింటదేమో. ఇంకొన్నాళ్లు సూద్దాం."

అక్క సంచి వైపు చూసింది. "నాను బతకడానికి దాన్ని పెట్టెలో ఎట్టి సంపుతున్నానే. రోజూ సూత్తన్నాను కదా. సర్మం ఎలా వదులైపోనాదో సూశావా? అది నాకేటి సేసిందని?" అని లేచి నిలబడింది. నేనూ లేచి సంచి అడుగున పట్టుకున్నాను.

వాగు దగ్గర నీళ్లు సన్నగా పారుతున్నాయి. పెద్ద బండలు, వాటి కింద చల్లటి సందులు. అక్క మూతి విప్పి సంచిని మెల్లగా వెనక్కి లాగింది. పాము బయటపడి, పడ్డచోటే ఉండిపోయింది. నాలుక ఒకసారి బయటికి వచ్చింది. అంతే. మేం దూరంగా వెళ్లి కూచున్నాం. ఎండ ఎక్కుతోంది. తల మీద విప్పపూల బుట్టతో ఒక ముసలామె అటు వచ్చి, దాన్ని చూసి ఆగి, "యే తో మర్ గయా," అంది. చచ్చిపోయిందిగా అని.

"నహీ మౌసీ, జిందా హై," అంది అక్క గబగబా, బతికే ఉందని.

ముసలామె మా ఇద్దర్నీ, సంచినీ చూసి, మళ్లీ ఏమీ అడక్కుండా చుట్టు తిరిగి వెళ్లిపోయింది. అక్క చేత్తో నీళ్లు తెచ్చి పాము మీద చల్లింది. చాలాసేపటికి అది కదిలింది. బండ కింద సందులోకి తల పెట్టి కొంచెం కొంచెంగా జరిగింది. సగం వరకూ లోపలికి వెళ్లి ఆగిపోయింది. మిగతా సగం ఎండలోనే ఉంది. ఇంకొంచెం, ఇంకొంచెం అని మేం పైకే అంటున్నాం. అది మళ్లీ కదల్లేదు. బస్సుకు వేళైంది. అక్క ఎండాకులు దోసిళ్లతో తెచ్చి బయట ఉన్న సగం మీద కప్పింది. నక్కలు చూడకుండా అని చెప్పింది. అది బతికిందో, మేం వెనక్కి తిరిగేటప్పటికే పోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు. అడవిలో వదిలితే అడవే చూసుకుంటుందని నేను ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఏడాదిన్నర పెట్టెలో ఉండి, నోరు పుండై, ఎలుకను పట్టలేని పామును అడవి ఎలా చూసుకుంటుంది?

బావ కంటే ముందే ఇల్లు చేరాం. అక్క పెట్టెలో రెండు ఇటుకలు పెట్టి, పైన పాత దుప్పటి పరిచి, మూత వేసింది. ఎలుకలు తెచ్చినవాళ్ల దగ్గర ఎప్పటిలాగే తీసుకునేది, పాముకు ఒంట్లో బాలేదని గదిలోకి మాత్రం రానిచ్చేది కాదు. పాము లేదన్న సంగతి వానలు మొదలయ్యేదాకా దాగింది. మూత తీసి చూసింది బావ కాదు, పామును చుట్టానికి చూపిద్దామని వచ్చిన పక్కింటావిడ. ఆవిడ నవ్వుతూ వీధిలోకి వెళ్లి చెప్పింది. ఆ వారంలోనే అక్క విరిగిన ముంజేత్తో మా క్వార్టరుకు వచ్చింది. ఇక పంపొద్దని నేను నాన్న కాళ్లు పట్టుకున్నాను. కట్టు విప్పేదాకా ఉంచుకుని, బావ వచ్చి అరుగు మీద కూచుని తల దించుకుంటే, నాన్న ఆమెను పంపేశాడు. ఆ తర్వాత ఆమె ఆ ఇంట్లోనే ఉంది, ఆయన కాలేయం చెడి మంచాన పడేదాకా, పోయేదాకా. ఆ మంచం దగ్గర చాకిరీ కూడా ఆమే చేసింది.

పాములంటే ఇష్టమనీ, ఒకటి పెంచుకోవాలనుందనీ, అలవాటైతే మనల్ని గుర్తుపడతాయటగా అనీ నన్ను అడిగేవాళ్లున్నారు. చాలా ఏళ్ల తర్వాత అక్కను నేనూ ఆ మాటే అడిగాను, అది నిన్ను గుర్తుపట్టేదా అని. "నాకది కావాల్సొచ్చింది. దానికి నాతో ఏటి పని?" అంది. ఇంతకంటే నిజమైన జవాబు నాకు ఎక్కడా దొరకలేదు. ఆ పెట్టెలో పాము ఉన్నంతకాలం మా అక్క నిద్రపోయింది. అక్క నిద్రపోయినంతకాలం ఆ పాము చస్తూ వచ్చింది. ఇద్దర్లో ఎవరో ఒకరే బతకగలిగిన ఆ గదిలో, చివరికి ఇద్దరూ బతకలేదనిపిస్తుంది నాకు. దల్మా ఫొటోలు ఎవరైనా పంపితే పూలు చూసి మూసేస్తాను, వాగు దాకా వెళ్లను.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. దారిలోగానీ ఇంట్లోగానీ పాము కనిపిస్తే పట్టుకోకండి, దాచుకోకండి, మీరే మోసుకెళ్లి వదలకండి. దూరంగా నిలబడి అటవీశాఖ వాళ్లకు చెప్పండి, వాళ్లు వచ్చేదాకా దాని మీద కన్నేసి ఉంచండి. ఒకవేళ మీ వీధిలో ఎవరో ఇంట్లో పామును పెట్టుకున్నారని తెలిస్తే, అటవీశాఖకు చెప్పేముందు వెళ్లి, ఎందుకు పెట్టుకున్నావమ్మా అని ఒక్కసారి అడగండి. బారిడీహ్‌లో ఆ వీధి వీధంతా ఎలుకలు పట్టి తెచ్చింది గానీ, మా అక్కను ఆ మాట ఎవరూ అడగలేదు.